కనేరిలో దొర చివరి పాఠం

భివండికి సాహిత్య ఉపన్యాసం ఇవ్వడానికి పోయేవారెవరైనా ఉంటే ముందు కరెంటు సంగతి కనుక్కోండి. మేం కనుక్కునే బయల్దేరాం. అయినా పరువు పోయింది.

నాతో వచ్చినాయన ఇంగ్లండులో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు గారు. జీవితమంతా కవిత్వం బోధించి రిటైరయ్యారు. ఆయన తరగతిలో నిద్రపోనివాణ్ణి నేనొక్కణ్ణే, అదీ చలికి. ఆయన వీడ్కోలు ఉపన్యాసం సగంలో ఉండగా నిప్పంటుకుందని గంట మోగింది. నిప్పూ లేదు, బయటికి పరుగెత్తిన జనం మళ్లీ లోపలికి రానూ లేదు. "ఆ ముగింపు ఒక్కసారి ఎవరైనా వింటే చాలు" అని హైదరాబాదు వచ్చినప్పుడు బతిమాలినట్టు అన్నారు. ఉపన్యాసం వాళ్లమ్మ గురించి. ఆమె బట్టల మిల్లులో మగ్గం నడిపేది. ముంబై దగ్గరి ఆ భివండిలో మా బామ్మర్ది రాజేశానికి మరమగ్గాలున్నాయి, వాళ్ల మాటలో సాంచలు. ఆ షెడ్డులోనే సభ పెట్టిద్దామని నోరు జారాను.

రాత్రి సికింద్రాబాదులో రైలెక్కాం. ఎదుటి బెర్తు ఆయన ప్రొఫెసరు గారిని చూసి ఏం పని చేస్తారని అడిగాడు. కవిత్వం చెబుతారన్నాను. "దానికి గింత దూరం రావాల్నా?" అని అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున కల్యాణ్‌లో దిగి వడాపావ్ తిన్నాం. మిరపకాయ కొరికి ప్రొఫెసరు గారు నా టీ కూడా తాగేశారు. భివండి రోడ్ అని ఒక స్టేషనుంది గానీ దాన్ని నమ్ముకోకండి, రైళ్లు తక్కువ. మేం ఆటోలో రాజేశం షెడ్డున్న కనేరి పేట చేరేసరికి పది దాటింది.

కరెంటు పోయే వేళ చూసి రాజేశం సభ పెట్టాడు. సాంచలు ఆగాయి. తెలంగాణ నుంచి వలసొచ్చిన పనివాళ్లు, దారం కండెలు చుట్టే నర్సమ్మ, అందరూ నేల మీద కూర్చున్నారు. శాలువా, కొబ్బరికాయ అయ్యాయి. ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగు చేస్తున్నాను. జనం నిజంగానే వింటున్నారు.

"దొరోళ్ల అవ్వ సుత సాంచలే నడిపిందా?" అని నర్సమ్మ ఆశ్చర్యపోయింది. నేనది ఇంగ్లీషులో చెప్పగానే ఆయన అవునని తలూపారు. ముగింపు కాగితం తీశారు.

బల్బు వెలిగింది. నేసిన మీటరుకే కూలీ గనక సభ మొత్తం లేచి సాంచల మీద పడింది. షెడ్డంతా దద్దరిల్లిపోయింది.

"ఇదేం పద్ధతిరా?" అని రాజేశం చెవిలో అరిచాను.

"ఏం జెయ్యాలె బావా, లైట్ ముందే అచ్చింది. మళ్ల పోతది గద, దొర యాడికి పోతడు?" అని నా చెవిలో అరిచాడు.

ప్రొఫెసరు గారు శాలువా కప్పుకుని, కాగితం పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఒక పనివాడు నర్సమ్మ వైపు చూసి, వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టి కనుబొమలెగరేశాడు. తిన్నావా అని. ఆ మోతలో మాట వినబడదు గనక వాళ్లు సైగలతోనే మాట్లాడుకుంటారు. ఆమె లేదని తలూపింది.

ప్రొఫెసరు గారు కాగితం జేబులో పెట్టేశారు. ఆ ముగింపు నేను రైల్లోనే తెలుగు చేసి పెట్టుకున్నాను: మిల్లు మోతలో వాళ్లమ్మ ఆయనకు నేర్పిన మొదటి మాటలకు చప్పుడు లేదని, అవి సైగలేనని. ఆయన సాంచల మధ్యకు నడిచారు. తనను చూపించుకుని, చేత్తో మోకాలెత్తు పిల్లవాడని చూపించారు. మగ్గం చూపించి, తలకు గుడ్డ కట్టుకున్నట్టు చేసి అమ్మను చూపించారు. ఆ అమ్మ పిల్లవాణ్ణి అడిగినట్టు వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టారు. ప్రతి సాంచ దగ్గరా ఆగి చెప్పారు. ఎవరూ సాంచ ఆపలేదు, దారం తెగితే తప్ప ఆయన మీంచి చూపూ తిప్పలేదు. చివరికి నర్సమ్మ లేచొచ్చి అదే సైగతో ఆయన్నే అడిగింది. ఆయన లేదని తలూపారు. రెక్క పట్టుకుని అన్నానికి తీసుకుపోయింది. కోడికూర బాగుంది.

సాయంత్రం కల్యాణ్‌లో రైలెక్కాక కూడా మా చెవుల్లో సాంచల మోత వదల్లేదు. ఇద్దరం చేతులతోనే మాట్లాడుకుంటున్నాం. ఎదుటి సీట్లో ఒకామె మమ్మల్ని చూసి, "జర జరుగు. పాపం, ఇద్దర్కి మాటలు రావు" అని మొగుణ్ణి గట్టిగానే గదిమి, కిటికీ పక్క చోటిప్పించింది. నేను నిజం చెప్పబోతే ప్రొఫెసరు గారు నా చెయ్యి నొక్కి ఆపారు. చెప్పాల్సిందంతా చెప్పేసిన మనిషిలా కిటికీకి తల ఆనించి, షోలాపూర్ దాకా నోరు తెరుచుకుని నిద్రపోయారు.