ఎదురింటి తాళంచెవి

మేనకోడలి పెళ్లికని అనంతపురం నుంచి వచ్చి, విజయవాడ వన్ టౌన్‌లో రెండు రోజులకు ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆదివారం పొద్దున్నే కుళాయి తిప్పితే చుక్క నీరు రాలేదు. గన్నవరంలో పదింటికి ముహూర్తం. పెళ్లికూతుర్ని బుట్టలో తేవాల్సిన మేనమామను నేనే. ఫోన్ చేస్తే, "సాయంత్రం దాకా సర్దుకోండి" అని ఇంటాయన పెట్టేశాడు.

గుమ్మంలో దిగాలుగా నిలబడి ఉంటే, చర్చికి బయల్దేరిన ఎదురింటావిడ సంగతేమిటని అడిగి, తన తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"మా ఇంట్లో స్నానాలు కానివ్వండి. వెళ్లేటప్పుడు తాళంచెవి కిటికీలో పెట్టండి చాలు."

"మేమెవరమో మీకు తెలీదు కదండీ!"

"పెళ్లివారు కదండీ, ఇంకేం తెలియాలి?"

మా ఊళ్లో నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.

సాయంత్రం లడ్డూలు తీసుకుని వెళ్లాం. "ముహూర్తానికి అందుకున్నారా?" అని ఆత్రంగా అడిగారావిడ. అందుకున్నామని చెప్పాక, అప్పుడు మా పేర్లు అడిగారు.