కనపడని కత్తెర, రేపల్లె చెరువు

రేపల్లె దగ్గర మా బాబాయి రొయ్యల చెరువును ఒక్క పూటలో ఖాళీ చేయించబోయిన ఘనత నాది. ఏ తుపానూ ఆ చెరువు మీద అంత శ్రద్ధ పెట్టలేదు.

అప్పుడు నేను బాపట్లలో ఒక పరిశోధనశాలలో కొత్తగా చేరాను. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్‌ను చెరువు గట్టు మీదే పట్టేసే పరీక్ష ఒకటి తయారుచేస్తున్నాం. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతే దానికి ఆధారం. అది ఇంకా ప్రయత్నాల్లోనే ఉంది, కానీ నాకు ఆగడం చేతనైతేగా! మా మేడంను బతిమాలి, పరీక్ష కిట్ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

గట్టు మీద బాబాయి, పిన్ని ఎదురుచూస్తున్నారు. చేతులకు గ్లవ్స్ తొడిగి ఉపన్యాసం మొదలెట్టాను.

"ఈ గొట్టంలో ఒక కత్తెర ఉంటుంది బాబాయ్. వైరస్ జన్యువు దొరకగానే అది పని మొదలెడుతుంది."

బాబాయి గొట్టాన్ని ఎండకెత్తి చూశాడు. "కత్తెరేదమ్మా స్వర్ణా?"

"కంటికి కనపడదు."

"పోనీ, వైరస్సు?"

"అదీ కనపడదు."

"మరి కనపడేదేంటి?"

"కాగితం మీద గీత. ఒకటైతే క్షేమం, రెండైతే జబ్బు."

ముందు మా దగ్గరున్న వైరస్ జన్యువు నమూనాతో పరీక్షించి చూపించాను. ఠంచనుగా రెండు గీతలు! అదే ఊపులో రొయ్య ముక్క తీసుకుని, గొట్టంలో వేసి, పిన్ని టీ ఫ్లాస్కులోని గోరువెచ్చటి నీళ్లలో ఉంచాను. ఆ ఫ్లాస్కు వంక పిన్ని చూసిన చూపు చివరి వీడ్కోలులా ఉంది.

కాసేపటికి కాగితం ముంచాను. రెండు గీతలు, రైలు పట్టాల్లా!

"ప్రభువా!" అని బాబాయి కూలబడ్డాడు. మరుక్షణం లేచి, "వలలు దించండ్రా! చచ్చేలోపు ఉన్నకాడికి పట్టేద్దాం!" అని కేకేసి తనే చెరువులోకి దిగిపోయాడు. రొయ్యలింకా సగం కూడా ఎదగలేదు. పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. నాకు మాత్రం లోపల్లోపల ఒకటే సంబరం. పరీక్ష పనిచేసిందిగా! అంత దుర్మార్గురాలినండి.

పక్క చెరువు రొయ్యను పరీక్షించాను. రెండు గీతలు! ఇక ఆగలేక మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, ఇక్కడ అన్ని చెరువులకీ జబ్బేనండి!"

"ఒట్టి నీళ్లు పెట్టి చూశావా?"

"లేదండి."

"చూడు."

పిన్ని చేతిలోని మినరల్ వాటర్ పరీక్షించాను. నీళ్లకీ తెల్లమచ్చే! కొబ్బరినీళ్లకు చేశాను. వాటికీ అదే జబ్బు. నా గుండె జారి ఫ్లాస్కులో పడింది.

"ఆ నమూనా ముట్టుకున్నాక గ్లవ్స్ మార్చావా స్వర్ణా?" అంది మేడం, చాలా మెల్లగా.

నా గ్లవ్స్ వంక చూసుకున్నాను. వైరస్ జన్యువును పట్టుకెళ్లి దొరికినవాటికల్లా పూసింది నేనే!

"బాబాయ్! ఆగండి!" అని గట్టు పొడవునా పరిగెత్తాను. వల లాగబోతున్నవాడల్లా ఛాతీ లోతు నీళ్లలో నిలబడిపోయాడు.

ఈసారి నన్ను ఆమడ దూరంలో నిలబెట్టి, కొత్త గ్లవ్స్ పిన్నికి తొడిగించి, సీలు విప్పని గొట్టాలతో ఆమె చేతే చేయించాం. ఒట్టి నీళ్లకు ఒకే గీత. రొయ్యకూ ఒకే గీత! బాబాయి బురదకాళ్లతోనే గంతులేశాడు. పట్టలేని ఆనందంలో పిన్ని తెనాలిలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసింది.

"అక్కా, మా రొయ్యలకేం లేదు! ఆ జబ్బు మీ స్వర్ణకుందంట, అంతే!"

ఆదివారం తెనాలి చర్చి మెట్ల మీద ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టబోయి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"మచ్చలు బయటికి కనపడట్లేదులేమ్మా, పెళ్లికేం అడ్డం కాదు. పాపం, రొయ్యలు మానేశావా?"

అందుకని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రజలందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఒట్టి నీళ్లు ఆరోగ్యంగా ఉన్నాయని తేలేదాకా ఏ ప్రాణికీ జబ్బు అంటగట్టను. రొయ్యలు మాత్రం మానను.