ఎవరూ ఆడని పాట

కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో, జనం డాన్సాడే ఒక బారులో ఆర్విల్ టాకెట్ కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెపాటలు, తల దించుకునే వాయిస్తాడు. బల్లలా ముందు నిలబెట్టిన స్టీల్ గిటార్ మీద ఇనుప కడ్డీ జారుతుంటే, కళ్లు జనం బూట్ల మీదే ఉంటాయి. బూట్లు ఆడితే పాట బతికినట్టు, ఆగితే చచ్చినట్టు. జుట్టు పెంచిన రాక్ కుర్రాళ్లు తమ ఆల్బంలో వాయించమని పిలిస్తే బారు యజమానురాలు నెల్డా వెక్కిరించింది: "వెళ్లు నాయనా, జడ వేసి పంపిస్తారు!" అయినా వెళ్లాడు. ఇవాళ ఆ ఆల్బం వినని రాక్ బృందం లేదు. వచ్చిన కొత్తలో మాత్రం రాక్ వాళ్లు పల్లెటూరి ఏడుపన్నారు, కంట్రీ పాటల వాళ్లు గంజాయి గోలన్నారు.

ఆ కుర్రాళ్లతో లాస్ ఏంజెలెస్‌లో తొలి కచేరీ. ఆర్విల్ మొదలుపెట్టగానే జనమంతా నేలమీద చతికిలబడ్డారు. ఒక్క కాలూ కదల్లేదు. పాట అవగానే గిటార్ కాళ్లు విప్పబోయాడు.

"ఎక్కడికి పెద్దాయనా?" అన్నాడు ఆ బృందం గాయకుడు లైల్.

"నచ్చలేదురా. కూలబడిపోయారు చూడు."

"వింటున్నారయ్యా బాబూ! నిన్నే!"

ఆర్విల్ తలెత్తాడు. ముందు కూర్చున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. అతను టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"నేను కట్టిన పాటొకటుందమ్మా," అన్నాడు మెల్లగా. "డాన్స్‌కి పనికిరాదని ఎక్కడా వాయించలేదు. వింటారా?"