బ్యూటీ పార్లర్ రొట్టె

జొన్నపిండి ముద్దను అరచేత్తో తట్టే చప్పుడు ఎంత ట్రాఫిక్‌లోనైనా నాకు వినబడుతుంది. మొన్న సాయంత్రం నారాయణగూడలో స్కూటీ ఆపి బెండకాయలు ఏరుకుంటుంటే ఆ చప్పుడే వినబడింది. తిరిగి చూస్తే ఫుట్‌పాత్ మీద ఎవరో అమ్మాయి, నాకన్నా చిన్నదే, పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తోంది. పెనం మీది రొట్టెకు తడిచేత్తో నీళ్లు పూయగానే వాసన లేచింది. బెండకాయలు చేతిలోనే ఉన్నాయి, నేను మాత్రం అక్కడ లేను. "తీస్కుంటరా లేదా మేడం?" అని కూరగాయలాయన గట్టిగా అడిగితే గానీ ఈ లోకంలోకి రాలేదు. నాకు బాలమణమ్మ గుర్తొచ్చింది.

బాలమణమ్మ అశోక్ నగర్‌లో, కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ కిక్కిరిసిన ఒక గల్లీ మలుపులో బండి పెట్టి రొట్టెలు చేసి అమ్మేది. పాలమూరు మనిషి, యాభై దాటిన వయసు, కరుకు మాట. ఒక్కటి చాలన్న అమ్మాయిని "ఒక్కదాంతోని గ్రూప్స్ ఎట్ల కొడ్తవే?" అని దబాయించి రెండు పెట్టేది. అప్పుడు నేను నారాయణఖేడ్ దగ్గరి పల్లె నుంచి వచ్చి గ్రూప్-టూకు చదువుతున్నాను. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ, ఆ తర్వాత హాస్టల్. బాపు రైతు, మాట అనడానికి వెనకాడని మనిషి. "సదువు తప్ప వేరే యావ కనవడ్డదనుకో, మల్ల ఊర్లనే ఉంటవ్" అని బస్సెక్కించేటప్పుడే చెప్పాడు. హాస్టల్ తిండి బాగుండదని ఎవరో చెబితే, ప్రతి ఆదివారం అమ్మతో జొన్నరొట్టెలు చేయించి పట్నం వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. ఇంటి రొట్టె ఉండగా బయట తిండికి పైసా పెట్టడమంటే బాపు దృష్టిలో చెడిపోవడమే.

అమ్మ రొట్టెలు వేడిగా ఉంటే నాలుగు తినగలను. కానీ మంగళవారానికి అవి అట్టముక్కలయ్యేవి. ఒకరోజు వాటిని గల్లీలో తిరిగే ఆవుకు పెడుతుంటే బాలమణమ్మ చూసింది.

"ఎవరు చేసిన్రే ఆ రొట్టెలు?"

"మా అమ్మ."

పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి నా చేతిలోని రొట్టె ముక్క విరిచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. "చెయ్యి మంచిగున్నది మీ అమ్మది. దూరమే ఎక్కువైంది. ఎండుతున్నయని చెప్పినవా ఆమెకు?"

"చెప్తే బాధపడ్తది."

"చెప్పకుంటే వారం వారం పొయ్యి ముందట కూసుంటది. గది బాధ గాదా?"

అయినా అమ్మకు చెప్పలేదు. రొట్టెలు వస్తూనే ఉన్నాయి, ఆవు తింటూనే ఉంది. నేను మాత్రం రోజూ సాయంత్రం బాలమణమ్మ దగ్గర రెండు వేడి రొట్టెలు, ఇంత ఉల్లికారం తిని, ఫోన్‌తో పైసలు పంపి, బుద్ధిమంతురాలిలా వెళ్లి చదువుకునేదాన్ని.

ఆవిడకు స్వప్న అని ఒక కూతురుండేది. దగ్గర్లోనే చిన్న బ్యూటీ పార్లర్ నడిపేది. ఒకసారి స్వప్న పిజ్జా కొని డబ్బాతో సహా తల్లి ముందు పెట్టింది. దాని ధర విని అక్కడున్న మేమే నోరెళ్లబెట్టాం. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని నేను సంబరంగా ఎదురుచూశాను. బాలమణమ్మ చేతులు కడుక్కుని ఒక ముక్క తిని, "రొట్టె మీద పాలు ఇరిగినట్టున్నది" అంది. ఆ మాటంటూనే ఇంకో ముక్క తీసుకుంది. మా ఇంట్లో అయితే ఆ డబ్బా వాకిట్లో పడేది.

పరీక్ష రెండు నెలలుందనగా బాపు ఫోనైనా చేయకుండా హాస్టల్ గేటు ముందు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో నా బ్యాంకు పాస్‌బుక్. ఖాతా నా పేరు మీదే ఉన్నా పుస్తకం బాపు దగ్గరే ఉండేది. అప్పుడప్పుడూ బ్యాంకులో ప్రింట్ వేయించి, ఇంగ్లీషు రాదు కనుక మా ఊరి అంగన్‌వాడీ టీచర్‌తో చదివించుకునేవాడు.

"సామాను సదురుకో. పోదాం."

"ఏమైంది బాపూ?"

"దినాం బ్యూటీ పార్లర్‌కు పోతున్నవట. టీచరమ్మ సదివింది. మొకానికి రంగులు పూసుకోనీకి పంపిన్నా నిన్ను?"

నాకేమీ అర్థం కాక పుస్తకం తీసుకుని చూశాను. ప్రతిరోజూ ఒకటే పేరు: స్వప్న బ్యూటీ పార్లర్. విషయం తట్టగానే పక్కున నవ్వాను. నవ్వకూడని సమయం అది. బాపు కళ్లు ఎర్రబడ్డాయి, పుస్తకం లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఇంకొక్క మాట మాట్లాడితే నా చదువు ఆ గేటు దగ్గరే ముగిసేటట్టుందని, చెయ్యి పట్టుకుని గల్లీ మలుపు దాకా లాక్కెళ్లాను.

"ఈడనా పార్లరు?" అన్నాడు బాపు, పొయ్యినీ పెనాన్నీ మార్చి మార్చి చూస్తూ.

సంగతి విని బాలమణమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. బండికి తీగతో కట్టి ఉన్న క్యూఆర్ కోడ్ అట్టను చూపించింది. "అన్నా, గిది నా బిడ్డది. నా తాన పెద్ద ఫోను లేదు, ఆమె పార్లర్ అట్టనే తెచ్చి ఈడ కట్టిన. మీ పిల్ల పూసుకున్నది రంగు గాదు, రొట్టెకు ఉల్లికారం."

గండం గడిచిందనుకున్నాను. బాపు నా వైపు తిరిగాడు. "మరి ఇంటి రొట్టెలు ఏమైతున్నయ్?"

ఇక దాచడానికి చోటు లేదు. "ఎండిపోతున్నయ్ బాపూ. ఆవుకు పెడ్తున్న. చెప్పనీకి ధైర్యం చాలలే."

తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "నడుము నొస్తున్నా చేస్తున్నది గదనే మీ అమ్మ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

బాలమణమ్మ స్టూలు జరిపింది. "తిట్టుడు ఏడ్సుడు తర్వాత. ముందుగాల కూసోండ్రి అన్నా. పిల్ల ఏం తింటున్నదో నోట్లె ఏసుకోకుంట మాట్లాడితే మనకేం తెలుస్తది?"

బాపు మొహమాటానికి కూర్చున్నాడు. ఒక రొట్టె తిన్నాడు, అడక్కుండానే పెట్టిన రెండోదీ తిన్నాడు. నీళ్లు తాగి, "మా ఇంటిదాని చెయ్యే నయం" అన్నాడు.

"నయమే. నేను తిన్న. మీ బిడ్డకు చెప్పిన గూడ."

బాపు నా మొహం చూశాడు. నేను తలూపాను. మీసాల్లో కొంచెం నవ్వు కదిలింది. బస్సు వేళవుతోందని లేచి, జేబులో పెట్టుకున్న పాస్‌బుక్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ తాన్నే ఉండని. పిల్ల ఏం తిన్నదో ఊర్లోళ్లతోని సదివిపిచ్చుకునుడు నాకు గూడ మంచిగ అనిపిస్తలేదు. రొట్టెల సంగతి మాత్రం మీ అమ్మకు నువ్వే చెప్పు."

అక్కడే నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. బాలమణమ్మ రొట్టె తట్టడం ఆపి వింది. అమ్మ బాధపడలేదు. "పిచ్చిదానా, ముందుగాల్నే చెప్తే పిండే పంపుతుంటి గద" అంది. ఆ ఆదివారం నుంచి మూటలో జొన్నపిండి వచ్చేది. బాలమణమ్మ దాన్ని వేరే డబ్బాలో పోసి, నా రొట్టెలు ఆ పిండితోనే చేసేది. అన్ని నెలలు నేను ఎందుకు భయపడ్డానో ఇప్పటికీ అర్థం కాదు.

గ్రూప్-టూ రాలేదు. తర్వాతి పరీక్షలో జూనియర్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యాను, చిక్కడపల్లిలో కిరాయికి ఉంటున్నాను. బాలమణమ్మ మోకాళ్లు సహకరించక బండి మానేసి, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర కూతురింట్లో ఉంటోంది. పండ్లు పట్టుకుని వెళితే, ముందు ఒకటి కోసి రుచి చూసి, తర్వాతే నాతో మాట్లాడుతుంది.

ఆవిడ దగ్గర అన్నీ నేర్చుకున్నానని గొప్పలు చెప్పుకోలేను. నాలో బాపు కోపమూ ఉంది. డిగ్రీ చదివే మా చెల్లెలు నా దగ్గరే ఉంటుంది. పోయిన వారం బాపు వచ్చి ఉండగా అది ఫోన్‌లో మోమోలు తెప్పించుకుంది. డబ్బా చూడగానే నా నోటి వెంట వచ్చేసింది. "ఇంట్ల అన్నం ఉండంగ ఏందే ఇది? ఎంత వెట్టినవ్?" చెల్లెలి చెయ్యి మూత మీదే ఆగిపోయింది.

మంచం మీంచి బాపు లేచొచ్చాడు. "ఏందియి? కుడుముల లెక్కున్నయ్. ఇటియ్యి ఒకటి." కొరికాడు, నమిలాడు, ఎర్ర చట్నీ ఘాటుకు కళ్లు తుడుచుకున్నాడు. ఇంకోటి తీసి నాకు అందించాడు.

"తిను. తిన్నంక తిట్టు."

తిన్నాను. బాగానే ఉంది. తిట్టలేకపోయాను.