ఎలక కొరికిన గెడ

చెరుకు పండిందో లేదో చూడటానికి ఈ రోజుల్లో చేతిలో పట్టే మిషన్లు వచ్చాయి. రెండు చుక్కల రసం వేస్తే తీపి ఎంతో అంకె చెబుతుంది. మా ఆయనకి ఆ మిషనంటే నవ్వు. "ఎలక సెప్పనిది మిషనేటి సెప్తాదే?" అనేవాడు. మునగపాక చుట్టుపక్కల మా పల్లెల్లో చాలామంది మాట అదే. తోటలో ఎలక ఏ చెరుకు గెడని కొరికితే ఆ గెడ పండినట్టు. పచ్చి గెడ జోలికి అది పోదు. అందుకే తోటలోకి వెళ్ళినవాడు ఎలక గాటు పడ్డ గెడనే వెతికి విరిచి, గాటు దగ్గర కాస్త చెక్కేసి మిగతాది నమిలేస్తాడు. చిలక కొట్టిన జామకాయ కోసం పిల్లలు కొట్టుకుంటారే, ఇదీ అంతే.

నేనూ తిన్నాను. మా ఆయన నాకు మేనబావే, ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. పెళ్ళైన కొత్తలో సినిమాకి తీసుకెళ్ళమంటే చెరుకు తోటకి తీసుకెళ్ళి, గట్టు మీద కూర్చోబెట్టి అలాంటి గెడ ఒకటి చేతిలో పెట్టిన మనిషి. ఒళ్ళు మండిపోయింది. అయినా అబద్ధమెందుకు, ఆ గెడ భలే తీపి.

ఆ మధ్య ఓ ఏడు సరిగ్గా కోతల ముందు తుపాను పట్టింది. పడిపోకుండా ఆకులతో కలిపి జడలు చుట్టి నిలబెట్టిన చెరుకంతా గాలికి నేలమీద పడింది. పడ్డ చెరుకంటే ఎలకలకి పెళ్ళి భోజనం. ఎక్కడ చూసినా గాట్లే. ఆ తడికి గట్ల మీదా, ఆకుల కిందా నత్తలు. గుల్ల ఉన్నవీ, గుల్ల లేకుండా ఉత్త జిగురుగా పాకేవీను. వాటినెవరు పట్టించుకుంటారు? మా దిగులంతా పడ్డ చెరుకు గురించే.

మాకు ఒక్కతే కూతురు. విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. తుపానుకి సెలవులిస్తే ఇంటికొచ్చింది. వాళ్ళ నాన్న తోటకి బయల్దేరితే తనూ వెళ్ళింది. మజ్జిగ పట్టుకుని నేనూ వెళ్ళాను. ఆయన అలవాటుగా ఎలక గాటున్న గెడ ఒకటి విరిచి దాని చేతికిచ్చాడు.

"ఛీ, ఎలక ఎంగిలి. నాకొద్దు నాన్నా" అంది.

"ఓలమ్మ! నాలుగచ్చరాలు సదివేసరికి నోరు సున్నితమైపోనాదేటి? సిన్నప్పుడు నా సేతిలోది లాక్కుని తినీదానివి."

"చిన్నప్పుడు తెలీదు. రోగాలొస్తాయి."

"మా తాతలకాడ్నించీ తింతన్నాం. ఎవులికొచ్చేయి? ఇదిగో, సూడు" అని, గాటు కూడా చెక్కకుండా సరిగ్గా అక్కడే పళ్ళు పెట్టి చీల్చాడు. కసాబిసా నమిలి, పిప్పి ఊసి, "సూసేవా? సచ్చిపోనానా?" అన్నాడు. అది మూతి తిప్పుకుంది. నేను పడీపడీ నవ్వాను.

సెలవులైపోయి అమ్మాయి హాస్టలుకి వెళ్ళిపోయింది. ఓ రెండు వారాలు గడిచాయేమో, ఆయనకి తలనొప్పి మొదలైంది. మంచులో తిరిగావన్నాను. బామ్ రాశాను. మా అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఊళ్ళో ఇంజక్షన్లు చేసే ఆయన ఒకటి పొడిచాడు. నొప్పి తగ్గకపోగా మెడ కొయ్యలా బిగిసిపోయింది. కంచంలోకి తల వంచలేక పోయేవాడు. చొక్కా తగిలితే ఒళ్ళంతా సూదులు గుచ్చుతున్నట్టుందని చొక్కా విప్పేసి కూర్చునేవాడు. ఆసుపత్రికి పదమంటే, "తలనొప్పికే ఆసుపత్రేటే, నవ్వుతారు" అన్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా. వాంతులు పట్టుకుని గోడకి చేరబడిపోయాక ఇక నేను ఆయన్ని అడగలేదు. ఆటో పిలిచి ఎక్కించాను. అనకాపల్లిలో డాక్టరు చూసిన వెంటనే విశాఖ పంపేశాడు. దారి పొడుగునా నాకు ప్రాణం ప్రాణంలో లేదు.

అక్కడ వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయాలన్నారు. ఆ నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మా ఊళ్ళో అందరూ అంటారు. నేను వార్డులో గొడవ పెట్టుకున్నాను. డాక్టరమ్మ ఓపిక గల మనిషి. నా అరుపులన్నీ విని, అలా ఏమీ అవదని రెండోసారి కూడా అంతే నెమ్మదిగా చెప్పింది. హాస్టలు నుంచి పరుగెత్తుకొచ్చిన అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, సంతకం పెట్టు" అంది. పెట్టాను.

రిపోర్టు చూసుకుని డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. ఒంట్లో పురుగులు చేరినప్పుడు పెరిగే కణాలు ఆ నీళ్ళలో కనపడ్డాయంది. "ఈ మధ్య పచ్చి నత్తలు గానీ, పచ్చి రొయ్యలు గానీ తిన్నారా?"

నాకు మండింది. "నత్తలు మేం కూరొండుకు తింటామమ్మా. పచ్చివి నమిలీవోల్లలాగ కనపడతన్నామేటి?"

"కోప్పడకండి. కడగకుండా ఆకుకూరలు? పొలంలో పచ్చిగా ఇంకేదైనా?"

నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. నా పక్కన అమ్మాయి మొహం తెల్లగా పాలిపోయింది. "చెరుకు" అంది. "ఎలక కొరికిన చెరుకు, మేడమ్. కొరికిన చోటే తిన్నారు. నాకోసమే తిన్నారు."

అప్పుడు డాక్టరమ్మ చెప్పింది. ఎలక ఊపిరితిత్తుల్లో, రక్తం పారే గొట్టాల్లో బతికే సన్నని పురుగు ఒకటి ఉందట. దాని పిల్లలు ఎలక పెంటలో బయటికొస్తాయి. ఆ పెంట తిన్న నత్తలో కొంత పెరుగుతాయి. ఆ నత్తని మళ్ళీ ఎలక తింటే తిరిగి సొంతింటికి చేరినట్టు. వాటి కాపురం ఎలకకీ నత్తకీ మధ్యే. మనిషి పొరపాటున నత్తని మింగితే ఆ పిల్ల పురుగులు మెదడు దాకా పోయి, అక్కడ పెద్దవి కాలేక చచ్చిపోతాయి. ఆ పోరులో మెదడు చుట్టూ వాపు వస్తుంది. కొరికిన కన్నంలోకి రసం కోసం గోరంత నత్త దూరిందనుకోండి, ఎవరికి కనపడుతుంది?

"చెరుకేనని నేను ఒట్టు పెట్టలేను" అంది. "పురుగుని కళ్ళతో చూడలేదు కదా. మీరు చెప్పినదాన్నిబట్టి అదే అయ్యుండాలి. చాలామంది తేరుకుంటారమ్మా. కొందరికి మాత్రం నరాలకి తగిలిన దెబ్బ ఉండిపోతుంది." కొండని తవ్వి ఎలకని పట్టడమంటే నాకు ఆరోజు తెలిసింది.

ఆయన తేరుకున్నాడు. మందులకీ, మరోసారి వెన్నులో నీరు తీసినందుకూ తలపోటు దిగింది. కుడి కన్ను మాత్రం ముక్కువైపు తిరిగిపోయింది. ప్రతిదీ రెండుగా కనపడేది. ఆ కంటిని తిప్పే నరం కోలుకోడానికి టైము పడుతుంది, కోలుకోకపోవచ్చు కూడా, అని చెప్పి ఇంటికి పంపారు.

చూడ్డానికొచ్చిన వాళ్ళలో సగంమంది నమ్మలేదు. పక్క తోట రైతు అయితే మా అరుగు మీద కూర్చుని, "నానూ తిన్నాను కద మామా, మరి నాకెందుకు రానేదు?" అన్నాడు. ప్రతి నత్తలోనూ ఆ పురుగుండదని డాక్టరమ్మ చెప్పిన మాటే చెప్పి, ఉన్నది అతని పళ్ళకింద ఇంకా పడలేదన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు. వెళ్ళేది తోటలోకే. నాకు గొంతు పిసికేద్దామన్నంత కోపం వచ్చింది.

రోజూ పొద్దున్న టీ ఇస్తూ అడిగేదాన్ని. "ఎంతమంది కనపడతన్నాం?"

"ఇద్దరు."

"ఒక్కర్తితోనే ఏగలేకపోతన్నావు, ఇద్దరితో ఎలాగ ఏగుతావు బావా?"

ఆయన నవ్వేవాడు. అమ్మాయి నవ్వేది కాదు. అది హాస్టలుకి తిరిగి వెళ్ళలేదు. "నేను ఆరోజు నోరు మూసుకుని తినేస్తే నాన్న ఆ పని చేసేవారే కాదు" అని ఒకటే మాట. తినుంటే నువ్వే మంచం మీద ఉండేదానివే పిచ్చిమొహమా అని తిట్టాను, బతిమాలాను. వినలేదు. తండ్రి మొండి, కూతురు జగమొండి. పరీక్షలు దగ్గరికొచ్చాయి. "నాన్న కన్ను బాగైతేనే వెళ్తాను" అని పుస్తకాల సంచీ అటకెక్కించేసింది. ఆయన కన్ను గురించి ఒక్కసారి కూడా బాధపడలేదు గానీ, ఆ సంచీని అటక మీద చూసిన రోజు అన్నం ముట్టలేదు.

పరీక్షలు రేపనగా పొద్దున్నే అరుగు మీంచి కేకేశాడు. "ఓ తల్లీ, ఇలాగ రా. ఎదురుగుండా నిలబడు. ఏయ్, ఒక్కర్తివే కనపడతన్నావే!"

కన్నింకా కాస్త వంకరగానే ఉందని అమ్మాయి నమ్మలేదు. వేళ్ళు చూపించి, "ఎన్ని?" అంది.

కాస్త ఆగి, "మూడు" అన్నాడు. మూడే.

మళ్ళీ మార్చి చూపించింది. మళ్ళీ కాస్త ఆగి, "రెండు" అన్నాడు. రెండే. అది వాళ్ళ నాన్నని కావలించుకుని ఏడ్చేసింది. నా గుండెల మీంచి బండ దించినట్టయింది. మా అత్త దేవుడి గదిలోకి పరుగెత్తింది. అప్పటికప్పుడు సంచీ అటక దిగింది.

ఆయన కూడా రోడ్డు దాకా వస్తానన్నాడు. మంచం పట్టి కాళ్ళు తూలుతున్నాయే అని నా భుజం పట్టుకునే నడిచాడు. నిజమే అనుకున్నాను. బస్సొచ్చింది. అమ్మాయి ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. బస్సు కదిలి మలుపు తిరిగింది. ఆయన ఇంకా అటే చూస్తున్నాడు.

"ఏమే, ఇద్దరూ ఎక్కేరా?" అన్నాడు.

ఆయన మొహంలోకి చూస్తే నవ్వుతున్నాడు. కుడి కన్ను ముక్కువైపే ఉంది.

"ఎక్కేరు బావా" అన్నాను. "ఇద్దరూ ఎక్కేరు. ఇంటికి పద."