తడి వేలు

ఎలీషా పాస్టరు పేజీ తిప్పే ముందు చూపుడువేలిని నాలుకకు అద్దుతాడు. ఆ వేలితోనే ఫోనులో హీబ్రూ, గ్రీకు మాటలకు అర్థాలు వెతుకుతాడు. దాన్నే రోగుల నుదుటికీ ఆనిస్తాడు. సిరిసిల్లలో ఎవరింటికి ప్రార్థనకు వెళ్లినా ముందు గారెలు తింటాడు, మీసాలకంటిన నూనె తుడుచుకోడు. "తెలుగు బైబిలంటే నీళ్లు కలిపిన పాలు. అసలు మాట తెల్వకుంటే ప్రార్థన పైకి పోదు" అంటాడు.

మొన్న సాంచాల మీద బట్ట నేసే సంపత్‌కు దమ్ము ఎక్కువైంది. దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో వచ్చేలోగా ఒక్క ప్రార్థన చేయమని అతని భార్య వనిత పాస్టరును పిలిచింది. సంపత్ గోడకు ఆనుకొని, నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తున్నాడు. పాస్టరు బైబిలు తెరవగానే పల్చటి పేజీలు ఎగిరాయి.

"ఫ్యాన్ బంద్ చెయ్ బిడ్డా."

వనిత బంద్ చేసింది. పాస్టరు వేలు తడి చేసుకున్నాడు. "హీబ్రూల రూఅహ్ అంటే ఊపిరి. గాలి అన్నా గదే మాట, ఆత్మ అన్నా గదే."

సంపత్ పెదవులు నల్లబడుతున్నాయి.

"ప్రార్థన చెయ్యుండ్రి సారూ" అంది వనిత.

"ఆగు. గ్రీకుల ఇంకో మాటున్నది."

వనిత లేచి ఫ్యాన్ వేసింది. "మీ గాలి ముచ్చట తర్వాత. ముందు గీ మనిషికి గాలి రానియ్యుండ్రి."

బయట ఆటో హారన్ మోగింది. భర్త చేతిని భుజాన వేసుకొని ఆమె బయటికి నడిపించింది. పాస్టరు కూర్చున్నచోటే ఉన్నాడు. వేలు మళ్లీ నాలుకకు అద్దుకొని, ఎగిరిపోతున్న పేజీల్లో తాను ఆగిన చోటు వెతుక్కుంటున్నాడు.