మూడు గాట్ల తెడ్డు

మా చిన్నప్పుడు... మా పెద్దమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, వీధరుగు మీద కూర్చుని మంత్రదండం కథ చెప్పేది. ఏలూరులో కంటి ఆపరేషన్ చేయించుకుని, తాడేపల్లిగూడెంలో వాళ్ళింటికి వెళ్ళిపోకుండా నెల్లాళ్ళు మా ఇంట్లోనే ఉంది. మాది మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డు పల్లెటూరు. నాన్నగారు బడిలో మేష్టారు. డాక్టరుగారు కళ్ళకి పని చెప్పొద్దన్నారు గానీ నోటికేమీ అడ్డు చెప్పలేదు... అందుకని రోజూ బడి వదలగానే కథ.

కథలో దండం ఓ మాంత్రికుడిది. దొంగ ఎత్తుకుపోతాడు, దారిలో పారేసుకుంటాడు, రాజకుమారుడికి దొరుకుతుంది. ఇక మాకు రోజూ అదే తగువు... దండం ఎవరిది?

"దొరికినవాడిదే!" అనేదాన్ని నేను.

నా స్నేహితురాలు నాగమణి ఒప్పుకునేది కాదు. "దొరికితే నీదైపోద్దా ఏంటే? అలాగైతే కొల్లేట్లో ఎవరి తెడ్డూ ఎవరికీ మిగల్దు."

నాగమణి వాళ్ళది చేపలు పట్టే ఇల్లు. వాళ్ళలో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉండేది. తెడ్డు మీద, దోనె తోసే గెడ మీద కత్తితో గాట్లు పెట్టుకునేవారు. నీళ్ళలో కొట్టుకొచ్చిన వస్తువు ఎవరికి దొరికినా, గాటు చూసి ఆ ఇంటి ముందు పెట్టేసి వెళ్ళిపోవాలి. గాటు లేకపోతే దొరికినవాళ్ళదే... అంతే లెక్క.

పెద్దమ్మ మాత్రం కథలోంచే తీర్పు చెప్పేది. "తనది కాని చేతిలో ఉంటే ఆ దండం రోజురోజుకీ బరువెక్కుతుందర్రా. ఎవరిదో అదే చెబుతుంది."

ఆ రోజుల్లోనే ఓ గాలివాన వెలిసాక, ఒడ్డున గుర్రపుడెక్క మొక్కల్లో ఇరుక్కున్న తెడ్డు నాకు దొరికింది. పట్టుకునే చోట నున్నగా అరిగిపోయి... అబ్బ, అచ్చం మంత్రదండమే! చివర మూడు గాట్లున్నాయి. అవి నాగమణి వాళ్ళ ఇంటివి. తెలియదని ఇప్పుడు రాస్తే మీరు నమ్మేస్తారు గానీ... తెలుసు.

నాన్నగారు పెన్సిళ్ళు చెక్కే చాకు తెచ్చి, ఆ మూడు గాట్లూ కనబడకుండా చెక్కేశాను.

మర్నాడు నాగమణి దిగులుగా వచ్చింది. "మా తాత తెడ్డు గాలివానకి పోయిందే. వల వెయ్యడానికి కూడా వెళ్ళకుండా గట్టు మీదే కూర్చున్నాడు" అంది. అంటూనే మా అరుగు కింద తెడ్డు చూసింది. నన్నేమీ అడగకుండా పరిగెత్తుకెళ్ళి వాళ్ళ తాత సూరయ్యని తీసుకొచ్చింది.

ఆయన తెడ్డు అందుకుని, నేను చెక్కినచోట బొటనవేలితో రెండుసార్లు రాశాడు. తెల్లగా పచ్చిచెక్క కనబడుతోంది.

"మాది మూడు గాట్లండి, అమ్మాయిగారూ. దీనికి లేవు. గాటు లేనిది దొరికినోళ్ళదేనండి... మీదే."

తెడ్డు అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. నాగమణి నా వంక ఒక్క చూపు చూసి ఆయన వెనకే వెళ్ళింది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం కథలో పెద్దమ్మ "దండం ఇంకాస్త బరువెక్కింది" అనగానే నాకు ఏడుపు తన్నుకొచ్చేసింది. జరిగిందంతా చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"నాకు చెప్పి ఏం లాభమే? దండం నాదా?" అంది పెద్దమ్మ.

తెల్లారగానే తెడ్డు భుజాన వేసుకుని వాళ్ళింటికెళ్ళాను. సూరయ్య తాత వల బాగుచేసుకుంటున్నాడు. "గాట్లు నేనే చెక్కేశాను తాతా" అన్నాను. ఆయన పక్కనున్న కత్తి నా చేతికిచ్చాడు.

"చెరిపిన చెయ్యే పెట్టాలండి."

రెండు గాట్లు సరిగ్గానే పడ్డాయి. మూడోది వంకరపోయింది. ఆయన తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. తెడ్డు తీసుకుని దోనె దగ్గరికి వెళ్ళిపోయాడు... ఎదురుచూసే వలలున్నాయి మరి.

నాగమణి నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజున, "దండం ఆఖరికి ఎవరికి చేరిందే?" అనడిగింది. నువ్వు లేకుండా నేనూ వినలేదన్నాను. అప్పటికి పెద్దమ్మ తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది.

తర్వాత ఓ ఆదివారం దోనెలో కూర్చోబెట్టి ఆ తెడ్డు నా చేతికిచ్చింది నాగమణి. బరువుందేమోనని చూశాను. తెడ్డు ఎంతుండాలో అంతే ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా అమ్మాయి దిండంత లావు మాయాలోకాల నవలలు చదువుతుంది. మంత్రఖడ్గం చేసినవాడిదా, గెలిచినవాడిదా, ఆ ఖడ్గమే ఎంచుకున్నవాడిదా అని మొన్న ఫోనులో ముక్కూమొహం తెలియనివాళ్ళతో గంటసేపు పోట్లాడి, "నువ్వేమంటావమ్మా?" అని నా దగ్గరికొచ్చింది. ఈ తెడ్డు సంగతి చెప్పాను.

"అదిప్పుడెక్కడుందమ్మా?" అంది.

ఏమో... మా దోనె తిరిగినచోట ఇప్పుడు చేపల చెరువుల గట్లున్నాయి. నాగమణి వాళ్ళు ఎటు వెళ్ళారో కూడా తెలియదు. ఏదైనా దొరికితే తిప్పి, గాటు వెతికి చూసే అలవాటు మాత్రం నాకింకా పోలేదు. ఇప్పటి వస్తువులకి గాట్లే ఉండవు.

మీ ఇళ్ళల్లోనూ గాట్లు చెక్కేసి ఉంచుకున్న వస్తువొకటి ఉండే ఉంటుంది కదండీ... అదేమిటో చెప్పకపోయినా ఫర్వాలేదు. ఎవరిదో చెప్పండి.